మామగారి ఆవిరి గొట్టం

మా మామగారి గుండెకి స్టెంటు వేసిన డాక్టరు చాలా మర్యాదస్తుడు. గట్టిగా ఒక్క మాట అనడు. "మెంగ్ గారూ, ఇంకోసారి ఇలా వస్తే నేను కూడా ఏమీ చేయలేనండి. సిగరెట్టు మానేయండి," అని మెత్తగా చెప్పి, తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళాడు. మామగారు కూడా అంతే మర్యాదగా తల వంచారు. ఆసుపత్రి గేటు దాటగానే అదే మర్యాదతో ఒక సిగరెట్టు వెలిగించారు.

మాది జొంజు అనే ఊళ్ళో సోయా మొలకల చారన్నం అమ్మే హోటలు. తెల్లారుతుండగానే తెరుస్తాం, మధ్యాహ్నానికి మూసేస్తాం. చారు కాచేది మామగారు, గిన్నెలు మోసేది నేను, గల్లాపెట్టె దగ్గర కూర్చుని మా ఇద్దరినీ తిట్టేది నా భార్య హేరిం. అత్తగారు పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ పోయాక మామగారికి లోకంలో మిగిలింది చారూ, సిగరెట్టూ. చారు గురించి ఎవరికీ పేచీ లేదు. ఎండు నెత్తళ్ళు వేసి మరిగించిన నీళ్ళలో మొలకలు పడేసి, ఊరవేసిన చిట్టి రొయ్యలు కలిపి, ఉప్పు ఆయన చేత్తో ఆయనే వేస్తారు. కొలత లేదు. గరిటె నాలుకకి తగిలించి, కళ్ళు మూసుకుని, ఇంకో చిటికెడు వేసి, "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" వినపడ్డాకే మేం తలుపులు తీస్తాం.

పేచీ అంతా సిగరెట్టుతోనే. నికోటిన్ పట్టీలు అంటిస్తే దురద అన్నారు. నమిలే గమ్ము ఇస్తే కట్టుడు పళ్ళకి అతుక్కుపోయి నోరు తెరవలేక ఒక పూటంతా మూగనోము పట్టారు. ఊరికే మానేయమంటే మధ్యాహ్నానికల్లా గరిటెలు విసరడం మొదలుపెట్టారు. ఒక గరిటె నా చెవి పక్కనుంచి వెళ్ళాక హేరిం నన్ను గిన్నెలు కడిగే చోటికి లాక్కెళ్ళింది.

"ఆ ఈ-సిగరెట్టు ఏదో ఉంటుందిగా, అది కొనిపించు నాన్నకి. అదేమీ అమృతం కాదని నాకూ తెలుసు. కానీ నిప్పు పెట్టుకుని పీల్చేదానికన్నా నయమని డాక్టరే అన్నాడు."

"నువ్వు తీసుకెళ్ళొచ్చుగా?"

"నాతో వస్తాడా ఆయన? కూతురితో కలిసి సిగరెట్లు కొనడానికి? నువ్వే తీసుకెళ్ళాలి. దగ్గరుండి చూపించాలి. మళ్ళీ సిగరెట్టు ముట్టుకున్నాడంటే ఆయన్నేమీ అనను. నిన్నే అంటాను."

"నాకేం తెలుసు వాటి సంగతి?"

"అవును పాపం," అంది హేరిం, నా చొక్కా జేబుకేసి చూస్తూ. "పొగంటే ఏంటో తెలియని మనిషివి కదా."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెద్దవాళ్ళ ఎదుట పొగ తాగడం మాలో లేదు, మామగారి ఎదుట అసలే లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను హోటలు వెనక చెత్తకుండీ పక్కన నిలబడి తాగుతాను, ఆయన పక్క సందులో స్టూలు వేసుకుని తాగుతారు. మధ్యలో గోడ. ఆయన పొగ నాకు కనిపిస్తుంది, నా దగ్గు ఆయనకి వినిపిస్తుంది. అయినా నేను తాగనట్టు నటిస్తాను, ఆయన తెలియనట్టు నటిస్తారు. ఇల్లు సజావుగా సాగాలంటే ఆమాత్రం నాటకం తప్పదు. ఇప్పుడు హేరిం ఆ గోడ మీదే నన్ను నిలబెట్టింది.

ఈ-సిగరెట్ల షాపు మా వీధి చివరే, బట్టలు ఉతికే దుకాణం పక్కన. లోపల అడుగుపెడితే ఒక పక్క పుచ్చకాయ వాసన, ఇంకో పక్క మిఠాయి వాసన. షాపు నడిపే అమ్మాయి పేరు యాంగ్ సొల్హీ. గోళ్ళకి నిమ్మపండు రంగు, జుట్టుకి ఇంకేదో రంగు. మామగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది సిగరెట్ల కొట్టా, చంటిపిల్లల కొట్టా?"

"రండి బాబాయిగారూ, కూర్చోండి," అంది సొల్హీ. "మొదటిసారా? అయితే ముందు ఒకటి చెప్పండి. నోటి పీల్పా, ఊపిరి పీల్పా?"

మామగారు నావైపు చూశారు. నేను గోడ మీద బొమ్మలు చూశాను.

"ఏంటమ్మా దానర్థం?"

"నోటి పీల్పంటే మామూలు సిగరెట్టులాగేనండి. ముందు నోట్లోకి లాగి, కాసేపాగి, అప్పుడు లోపలికి. ఊపిరి పీల్పంటే సరాసరి గుండెల్లోకి. మేఘంలా వస్తుంది ఆవిరి. సిగరెట్టు మానేవాళ్ళకి చాలావరకు నోటి..."

"పుట్టిన దగ్గర్నుంచీ ఊపిరితిత్తులతోనే పీలుస్తున్నానమ్మా. ఈ వయసులో కొత్త పద్ధతి నేర్చుకోమంటావా? ఊపిరిదే ఇవ్వు."

తప్పు చేస్తున్నారని నాకు తెలుసు. నా స్నేహితుడొకడు ఒకసారి అలాంటిది కొని, నాలుగు రోజులు దగ్గి, చివరికి ఎవరికో ఇచ్చేశాడు. కానీ పరాయి ఆడపిల్ల ముందు మామగారి మాటకి అడ్డం చెప్పడం ఎలా? నోరు మూసుకున్నాను. సొల్హీ నావంక చూసింది, ఈయన్ని కాస్త ఆపు అన్నట్టు. నేను మళ్ళీ గోడ చూశాను. ఆ గోడ మీద ద్రాక్షపండ్ల బొమ్మ ఉంది, ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు గుర్తుంది.

ఆ అమ్మాయి నిట్టూర్చి, అల్మారాలోంచి టార్చిలైటంత గొట్టం ఒకటి తీసి ఆవిరి ద్రవం నింపింది. "రుచి ఏది కావాలి? ద్రాక్ష, పీచ్ పండు, కలబంద..."

"పండు తినాలనిపిస్తే పండే కొనుక్కుంటాను. సిగరెట్టుకి సిగరెట్టు రుచే ఉండాలి."

"పొగాకు రుచి ఉందండీ, కానీ మానేవాళ్ళు అది తీసుకుంటే అసలుదే గుర్తొచ్చి..."

"అదే ఇవ్వు. ఘాటైనదే ఇవ్వు."

"ఘాటు ఎక్కువైతే ఈ గొట్టంలో..."

"అమ్మాయీ, నువ్వు పుట్టకముందు నుంచీ తాగుతున్నాను నేను."

సొల్హీ గొట్టం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎటు పీల్చాలో తెలియక బింకంగా మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

"అన్నయ్యగారూ, మీరోసారి పీల్చి చూపించండి," అంది నాతో. "మీరు తాగుతారుగా?"

"నేనా?" అన్నాను. "ఎప్పుడో, కాలేజీ రోజుల్లో."

మామగారు పైకప్పు కేసి చూశారు. ఆ పైకప్పులో అంత చూడాల్సింది ఏమీ లేదు.

హేరిం మాట గుర్తొచ్చింది. దగ్గరుండి చూపించాలి. సరేనని గొట్టం అందుకున్నాను. అందుకున్నానే గానీ మామగారి మొహం మీదకి ఆవిరి వదలడానికి ప్రాణం ఒప్పుకుంటుందా? పెద్దవాళ్ళ దగ్గర మందు తాగేటప్పుడు మాలో ఎలా పక్కకి తిరుగుతామో అలాగే కుడివైపు పూర్తిగా తిరిగి, రెండో చేత్తో నోరూ గొట్టమూ కలిపి మూసి, ఒక చిన్న పీల్పు పీల్చి, కిటికీ వైపు వదిలాను. నాకే కనపడనంత గుట్టుగా ముగించాను.

"చూశారా మావయ్యగారూ?"

"ఆఁ, చూశా," అన్నారు మామగారు గంభీరంగా.

గొట్టం తీసుకున్నారు. కుడివైపు పూర్తిగా తిరిగారు. రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా మూశారు. పీల్చారు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు బయటికొచ్చాయి, ఆవిరి మాత్రం రాలేదు.

"ఇది పాడైపోయింది."

"చెయ్యి తీయండి బాబాయిగారూ, గాలి కన్నం మూసేశారు," అంది సొల్హీ.

"మా అల్లుడు మూసే తాగాడు."

"ఆయన మీరున్నారని సిగ్గుపడ్డారండీ. మీరెందుకు తిరుగుతారు అటు? మీకంటే పెద్దవాళ్ళెవరూ లేరు ఇక్కడ. ఇలా చూడండి, నేను చూపిస్తాను." అని తన గొట్టం తీసింది. ఆడపిల్ల ఎదురుగా నిలబడి ఆవిరి పీలుస్తుంటే తేరిపార చూడటం బావుండదని మామగారు మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను. ఆ రకంగా ఆ షాపులో ఎంతో మర్యాద జరిగింది గానీ ఆయనకి పీల్చడం మాత్రం రాలేదు. ఇంట్లో నేర్చుకుంటానని కొనేశారు.

మర్నాడు హోటలు మంచి రద్దీగా ఉంది. టాక్సీ నడిపే ప్యో గారు, మామగారి ఈడువారు, రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ పక్కన కూర్చుని చారన్నం తింటారు. ఆయన గిన్నె ఆయన ముందు పెట్టి నేను వెనక్కి తిరిగానో లేదో, కిటికీ అవతల సందులోంచి తెల్లటి మేఘం ఒకటి లేచింది. దాని వెనకే ఇంకొకటి. దాంతోపాటు ప్రాణం పోతున్నట్టు దగ్గు.

"మంటలు! మెంగ్ లోపల ఇరుక్కున్నాడు!" అని అరిచి ప్యో గారు చెంచా విసిరేశారు. ఆ వయసులో ఆయన అంత వేగంగా లేవగలరని నేననుకోలేదు. గోడకున్న మంటలార్పే సిలిండరు పీకి, సందులోకి దూకి, కళ్ళు మూసుకుని నొక్కేశారు.

మామగారు లోపలికొచ్చినప్పుడు బియ్యప్పిండిలో పొర్లిన రొయ్యలా ఉన్నారు. చేతిలో గొట్టం. మీసం మీద సిలిండరు పొడి. హోటల్లో ఒక్కరూ నవ్వలేదు, పెద్దాయన కదా. అందరూ గిన్నెల్లోకి తలలు దించేసుకుని భుజాలు కదిలిస్తూ కూర్చున్నారు.

"ఇదా నువ్వు కొనిపించింది?" అన్నారు మామగారు నాతో. "పీలిస్తే గొంతులో సూదులు గుచ్చినట్టుంది. రుచేమో తడిసిన సిగరెట్టు పీకల్లా ఉంది. నన్ను ఆసుపత్రికి పంపాలనుకుంటే చెప్పు, నడిచే వెళ్తాను."

"మీరే అడిగారు కదా మావయ్యగారూ, ఊపిరిదీ, ఘాటైనదీ..."

"నేనడిగితే ఇచ్చేస్తారా? వద్దని చెప్పొద్దూ?"

హోటలు మూసే వేళకే గోడ అవతలనుంచి అసలైన పొగ లేచింది. చెత్తకుండీ పక్కన నిలబడి ఆ పొగ చూస్తుంటే, నా చేతిలోది కాల్చబుద్ధి కాలేదు. చాలా భయమేసింది. ఆసుపత్రిలో ఆయన మంచం మీద, ముక్కులో గొట్టంతో, బల్లిపిల్లంత అయిపోయి పడుకున్న రోజు గుర్తొచ్చింది. నాకు నాన్న లేడు. ఉన్న పెద్దదిక్కు ఈయనే. నా మర్యాద కోసం ఈయన్ని పోగొట్టుకుంటానా అనిపించింది.

మర్నాడు హోటలు మూశాక, "మావయ్యగారూ, ఒకసారి నాతో రండి," అన్నాను. ఎక్కడికని అడగకుండా వచ్చారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది మరి.

షాపులో సొల్హీ మమ్మల్ని చూడగానే పెద్ద గొట్టం వెనక్కి తీసుకుంది. ప్యో గారి సాహసం వీధంతా తెలిసిపోయింది కాబట్టి పెదవి కొరుక్కుంటోంది. "ఈసారి చిన్నది, నోటి పీల్పుది ఇవ్వమ్మా. ఘాటు మధ్యస్థంగా ఉండాలి," అన్నాను నేనే. మామగారు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నారు.

అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగైన గొట్టం అది. తీసుకుని ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

"మావయ్యగారూ, క్షమించాలి," అని, ఆయన కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా పీల్చాను. "గబగబా లాగకూడదండీ. సిగరెట్టు ఆరిపోతుందని తొందర పడతాం కదా, దీనికి ఆరిపోవడం లేదు. బుగ్గల్లో ఇలా పట్టి ఉంచాలి. ఆ తర్వాత లోపలికి." వదిలాను. ఆవిరి ఆయన మొహం పక్కనుంచి వెళ్ళింది.

మామగారు రెప్ప వేయకుండా చూశారు.

"కాలేజీ రోజుల్లో మానేసిన చెయ్యిలా లేదే," అన్నారు.

నేను గోడ మీది ద్రాక్షపండ్ల బొమ్మ కేసి చూశాను.

"పెళ్ళిచూపుల రోజే తెలుసులేవయ్యా. నీ కోటు వాసన చూసి మీ అత్త అంది, ఇద్దరూ ఒకే రకం దొరికారు నా ఇంటికి అని. ఇలా తే."

తీసుకున్నారు. నన్ను చూస్తూ నేను చేసినట్టే నెమ్మదిగా పీల్చారు, బుగ్గల్లో పట్టి ఉంచారు, లోపలికి తీసుకుని వదిలారు. దగ్గలేదు.

రుచి ఎంచుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. సొల్హీ ఒకటొకటే ఇస్తుంటే కళ్ళు మూసుకుని, వంటింట్లో చారు చూసినట్టే చూశారు. ద్రాక్షకి "దగ్గుమందు" అన్నారు. పీచ్ పండుకి "సబ్బు" అన్నారు. కలబందకి ఏమీ అనలేదు, ఉమ్మేశారు. చివరికి మేసిల్ అనే పుల్లటి పచ్చి పండు రుచి ఇస్తే కాసేపు ఆగారు. హోటల్లో మేసిల్ పాకం ఏటా ఆయనే ఊరవేస్తారు.

"ఇందులో పులుపు తక్కువ," అన్నారు. ఆపైన, "ఊఁ," అన్నారు.

ఆ "ఊఁ" వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. సొల్హీ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇంట్లో పండగే. సందులోంచి పొగ వాసన పోయి మేసిల్ వాసన వచ్చింది. మామగారు మెట్లు ఎక్కుతూ ఆగడం మానేశారు. హేరిం నన్ను తిట్టకుండా రెండు మూడు రోజులు కూడా గడిపింది, నాకే అనుమానం వచ్చి ఒంట్లో బావుందా అని అడిగాను.

అప్పుడు ఉప్పు గొడవ మొదలైంది.

ఒకరోజు మామగారు గరిటె నాలుకకి తగిలించుకుని మొహం చిట్లించారు. "ఈ ఉప్పేంటి ఇంత ఉప్పగా ఉంది?" అన్నారు. ఉప్పు ఉప్పగా కాక ఇంకెలా ఉంటుందని అడిగేంత ధైర్యం నాకింకా రాలేదు. ఉప్పు తెచ్చే మనిషిని పిలిచి చెడామడా తిట్టి బస్తా మార్పించారు. కొత్త బస్తా కూడా ఉప్పగానే ఉంది. రొయ్యల మీద పడ్డారు. నెత్తళ్ళ మీద పడ్డారు. ఏదీ తేలక, చారులో ఉప్పు తగ్గిస్తూ పోయారు. మేం "ఊఁ" విని తలుపులు తీస్తూ పోయాం.

మొదట గొణిగింది ప్యో గారే.

"మెంగ్, ఇదేంటోయ్, ఆసుపత్రి చారా? నువ్వు జబ్బుపడ్డావని మమ్మల్నందరినీ పథ్యం తినమంటావా?"

"నీ నాలుక పాడైంది."

"నా ఒక్కడి నాలుకేనా? అడుగు వీళ్ళని."

పక్క బల్లల వాళ్ళు కిందికి చూశారు. అందరూ పాతవాళ్ళే, అందరూ భోంచేయగానే బయట నిలబడి సిగరెట్టు వెలిగించేవాళ్ళే. ఆ వారంలో ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. ఎదురు వీధి హోటల్లో కనపడ్డారని ఎవరో చెప్పారు. మామగారు విననట్టు ఉల్లికాడలు తరిగారు. తరిగిన ఉల్లికాడల్నే మళ్ళీ తరిగారు.

హేరిం విషయం తేల్చేసింది. "ఉప్పు మారలేదు నాన్నా. నీ నాలుక మారింది. సిగరెట్టు మానితే రుచి తిరిగొస్తుందని డాక్టరు చెప్పలేదూ?"

మామగారు గరిటె విసరలేదు, కడిగి మేకుకి తగిలించారు. ఆ నెమ్మది నాకు నచ్చలేదు.

మర్నాడు నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి మీద రెండు కుండలు ఉడుకుతున్నాయి. మామగారు వాటి ముందు నిలబడి ఉన్నారు. పెదాల మధ్య సిగరెట్టు. ఇంకా వెలిగించలేదు. మేసిల్ గొట్టం బల్ల మీద పడి ఉంది. హేరిం ఓ మూల మొలకలు కడుగుతూ కదలకుండా ఉండిపోయింది.

"ఇది చూడు," అని ఎడమ కుండలోంచి గరిటె అందించారు. చూశాను. కాస్త చప్పగా ఉంది. కుడి కుండలోది చూశాను. ఎప్పుడూ తినే మా చారు, ప్రాణం లేచొచ్చినట్టుంది.

"ఏది బావుంది? నిజం చెప్పు."

"ఇది," అన్నాను, కుడి కుండ చూపించి.

"అందులో ఉప్పు పాత అలవాటు కొద్దీ చెయ్యి వేసింది, నాకేమో దాన్ని నోట్లో పెట్టుకోబుద్ధి కావడం లేదు. నీకు నచ్చిన చారు ఇలా గుడ్డిగా రోజూ కాచలేను అల్లుడూ. ఎంత వేయాలో తెలియడం లేదు. చెయ్యి ఒకటి చెప్తుంది, నాలుక ఒకటి చెప్తుంది. దీంతో బతికింది ఈ ఇల్లు. మళ్ళీ నాలుగు రోజులు తాగానంటే నాలుక దాని చోటికి అది వస్తుంది." చెయ్యి చాచారు. "లైటరివ్వు."

"నా దగ్గర లేదండీ."

"ప్యాంటు ఎడమ జేబులో ఉంది."

ఉంది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది కూడా. పెద్దవాళ్ళు అడిగితే రెండు చేతులా అందించడమే నాకు తెలిసింది, ఇవ్వనని అనడం తెలియదు. లైటరు వేళ్ళకి తగిలింది. ఆసుపత్రి మంచం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

"ఇవ్వను మావయ్యగారూ," అన్నాను.

"ఏంటీ?"

"ఇవ్వను. కొట్టండి, గరిటె విసరండి, ఇంట్లోంచి వెళ్ళిపొమ్మనండి. లైటరు మాత్రం ఇవ్వను. ఉప్పు నేను వేస్తాను. నా నాలుక ఉందిగా, పాడైన నాలుక. రోజూ నేనే చూసి వేస్తాను. మీరు పక్కన కూర్చోండి చాలు."

"అంటే నువ్వు జన్మంతా తాగుతూ ఉండాలి, నా చారు కోసం?" సిగరెట్టు పెదవి మీద ఊగింది. "రేపు నీ గుండె ఆగితే నా కూతురు ఏమైపోవాలి? చారు తాగి బతకాలా?"

ఇద్దరం అలాగే నిలబడ్డాం. లైటరు మీద నా చెయ్యి, గాల్లో ఆయన చెయ్యి.

అప్పుడు హేరిం మొలకల బుట్ట కింద పెట్టి వచ్చింది. తడి చేతులు తుడుచుకుని ఎడమ కుండలోంచి ఒక గిన్నె నింపుకుంది. నిలబడే తింది, సగం దాకా. ఆమె హోటలు చారు తినగా నేనెప్పుడూ చూడలేదు. ఇంటికెళ్ళి ఏదో ఒకటి తినేది.

"నాన్నా," అంది. "అమ్మ ఒక్కరోజు కూడా నీ చారు నువ్వు కాచినట్టు తినలేదు. తెలుసా నీకు?"

"ఏం వాగుతున్నావే?"

"నువ్వు అటు తిరగ్గానే వేడినీళ్ళు పోసుకునేది. సగం చారు, సగం నీళ్ళు. నాకూ అలాగే పోసిచ్చేది చిన్నప్పుడు, అచ్చం ఈ గిన్నెలో ఉన్న రుచే. మీ నాన్నకి చెప్పకు, బాధపడతాడు అనేది."

మామగారి చెయ్యి కిందికి దిగింది.

"నాకు చెప్పొచ్చుగా."

"పెళ్ళయిన కొత్తలో ఒకసారి చెప్పిందట, ఉప్పెక్కువైందని. నువ్వు రెండు రోజులు మాట్లాడలేదట. మళ్ళీ చెప్పలేదు. ఆసుపత్రిలో ఆఖర్న కూడా నువ్వు తీసుకొచ్చావే చారు, బావుంది బావుంది అని తింది. నీళ్ళు నేనే పోశాను నాన్నా, నువ్వు చెయ్యి కడుక్కోడానికి వెళ్ళినప్పుడు."

మామగారు పెదాల మధ్యనుంచి సిగరెట్టు తీసి, గిన్నెలు కడిగే నీళ్ళలో పడేశారు. జేబులో ఉన్న పెట్టె కూడా తీసి అందులోనే వేశారు. కుడి కుండ పొయ్యి మీదనుంచి దించి, తూములో ఒంపేశారు. నా ప్రాణం లేచొచ్చిన చారంతా బుడబుడమంటూ పోయింది. నాకేమీ బాధనిపించలేదు.

ఎడమ కుండలోంచి ఒక గిన్నె నింపారు. గుడ్డు వేశారు, ఉల్లికాడలు చల్లారు. గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఎవరికి ఇవ్వాలో తెలియక వంటింటి మధ్యలో అలాగే నిలబడ్డారు. బయట ప్యో గారు తలుపు కొడుతున్నారు, ఇంకా తెరవలేదేంటని.

"ఇప్పుడు తినమనవే," అన్నారు హేరింతో, "మీ అమ్మని."